రవ్వ కొనుటకు ముందు

ఎద్దును కొనబోయినపుడు మనలో ఎవ్వడును దాని కొమ్ములకు పూసిన రంగు చూచి బేరము చేయడు. నోరు తెరిపించి పళ్లు చూచును. నడిపించి కాలు చూచును. కాడి మోసిన మెడను చేతితో తడవి చూచును. మిరపకాయలు కొనువాడు బస్తాలో మోచేతివరకు చేయి పెట్టి అడుగుకాయ తీసి, విరిచి, తేమ యెంతయో తాలు ఎంతయో కనిపెట్టును. మా చీరాలలో చీర కొనువాడు అంచు తిరుగవేసి నేత చూడనిదే ధర యడుగడు. ఇంతటి జాగ్రత్తగల మనము ఆడుపిల్ల పెండ్లికి రవ్వల కమ్మలు కొనబోయినపుడు మాత్రము దుకాణములోని దీపముల క్రింద కూర్చుండి, తళుక్కుమన్నదా లేదా యని చూచి, రెండు పంటల సొమ్ము లెక్కించి యిచ్చి వచ్చుచుందుము.

నేను రత్నవర్తకుడను కాను. ఈ విషయమును నేర్చుకొనవలసిన యగత్యము మా యింట కలిగినది. మా మేనత్తకు ఏడేసి రాళ్ల కమ్మలజత యుండెడిది. ఒక యేటి పత్తి సొమ్మంతయు పోసి కొన్నవి. ఆపదకు అక్కరకు వచ్చునని నలుబది యేండ్లు వానిని కన్నులలో పెట్టుకొని కాపాడినది. మనుమరాలి పెండ్లి నిశ్చయమైనప్పుడు వానిని నా చేతికిచ్చి అమ్మి రమ్మనెను. పట్టణములో ఒక పనివాడు వెనుకనున్న బంగారపు మూతను ఊడదీసెను. రాయిరాయికి క్రింద ఒక్కొక్క వెండిరేకు కలదు. రేకులు తీసి పదునాలుగు రాళ్లను తెల్లకాగితముపై వరుసగా పెట్టినప్పుడు వాని అసలు రంగు బయటపడెను. ఆముదపు చాయ. అందులో రెండు వజ్రములే కావు. అమ్మినవాడు ఎన్నడో కాలధర్మము చెందెను, ఎవరిని అడుగుదుము? ఈ సంగతి చెప్పగా మా మేనత్త, "ఇన్నాళ్లూ నా చెవులకు మెరిసింది రేకట్రా అబ్బాయీ?" అన్న మాట నేటికిని నా చెవిలో నున్నది.

వజ్రపరీక్ష మనకు పరదేశపు విద్య కాదు. మా చీరాల 1970 వరకు గుంటూరు జిల్లాలోనిదే. ఆ పాత జిల్లాకే ఉత్తరపు అంచున, కృష్ణ యొడ్డున, కొల్లూరు అను గ్రామము కలదు. కలదనుట తప్పు, ఉండెడిది. ఆ ప్రదేశము నేడు పులిచింతల జలాశయపు నీటి క్రింద నున్నది. పదునేడవ శతాబ్దిలో టావర్నియరు అను ఫ్రెంచి రత్నవర్తకుడు అక్కడికి వచ్చి, అరువదివేలమంది స్త్రీలు, పురుషులు, పిల్లలు గనిలో పనిచేయుచుండగా చూచితినని వ్రాసెను. మగవారు పది పండ్రెండడుగుల లోతువరకు మట్టి త్రవ్వుచుండిరి. ఆడువారును పిల్లలును ఆ మట్టిని మోసి గోడకట్టిన మళ్లలో పోయుచుండిరి. ఆ మట్టిని నీటితో కడిగి, ఎండబెట్టి, ధాన్యము చెరిగినట్లు చేటలతో చెరిగి, మిగిలిన గులకలలో రాళ్లను వెదకెడివారు. బ్రెజిలు దేశమున పదునెనిమిదవ శతాబ్దిలో వజ్రములు బయటపడువరకు లోకమునకు వజ్రములనిచ్చినది ముఖ్యముగా మన దేశమే. కాబట్టి వజ్రమును చూచు కన్ను మొదట ఇక్కడనే తయారైనది. నేటికిని తొలకరి వానలు కురియగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల చేలలో జనులు నేల చూచుకొనుచు తిరుగుచుందురు. దొరికినవాడు విలువ తెలియక తెగనమ్ముటయు, కొన్నవాడు లాభపడుటయు అక్కడ ఏటేట వినవచ్చు కథయే.

టావర్నియరు వ్రాసిన వానిలో నాకు మిక్కిలి ప్రీతియైనది పిల్లవర్తకుల సంగతి. పదేండ్లు మొదలు పదునారేండ్ల వరకుగల వర్తకుల బిడ్డలు ఉదయమే ఊరి నడుమ పెద్ద చెట్టు క్రింద చేరెడివారట. ఒక్కొక్కనికి నడుమున ఒక ప్రక్క తూనికరాళ్ల సంచి, వేరొక ప్రక్క వరహాల సంచి. ఎవడైన రాయి తెచ్చినచో వారిలో పెద్దవాని చేతికిచ్చును. వాడు చూచి, మాటయైన పలుకక, ప్రక్కవానికిచ్చును. రాయి అందరి చేతులును తిరిగి మరల మొదటివానికి వచ్చిన పిదపగాని బేరము మొదలు కాదు. నలుగురి కన్ను పడని రాతిని ఆ పిల్లలు కొనలేదు. పెద్దల బేరము మరియొక తీరు: గుడ్డ క్రింద చేయి చేయి కలిపి, పిడికిలి పట్టిన వేయి, వ్రేలు పట్టిన నూరు. మన పశువుల సంతలలో తువ్వాలు క్రింద సాగు బేరము ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు.

ఐరోపావారు ముడిరాళ్లను పగటి వెలుతురున చూడగా, మనవారు రాత్రివేళ చూచెడివారని అతడు చెప్పెను. గోడలో అడుగు చదరపు గూడు చేసి, లావు వత్తితో దీపము పెట్టి, రాతిని వ్రేళ్ల నడుమ పట్టి దాని నీరును, లోపలి చుక్కలను చూచెడివారు. నీలిచాయ సందేహమున్నచో మరియొక ఉపాయము కలదు: దట్టమైన ఆకులుగల చెట్టు క్రిందకు తీసికొనిపోయి ఆ పచ్చని నీడలో చూచుట. సూర్యకాంతిలో కంటికి కనబడని కిరణములు కొన్ని కలవు. అవి తగిలినప్పుడు కొన్ని వజ్రములు నీలికాంతిని విడుచును. ఆ నీలికాంతి రాతి పసుపుచాయను కప్పి, రాతిని తెల్లనిదానివలె చూపగలదు. చెట్టునీడన వారు పట్టినది బహుశః ఇదియే. నేటి పరీక్షాశాలల పత్రములలో దీనికి ఫ్లోరసెన్సు అను పేరుతో ప్రత్యేకముగా ఒక పంక్తి యుండును.

మన శాస్త్రములలో మంచియు కలదు, పొల్లును కలదు. ఎద్దు విషయమున పళ్లు చూచుట జ్ఞానము, సుడులు చూచుట నమ్మకము. వజ్రము విషయమునను అంతే. మంచి వజ్రమునకు ఆరు కోణములు, ఎనిమిది ముఖములు, పండ్రెండు అంచులు ఉండవలెనని బుద్ధభట్టు రత్నపరీక్ష చెప్పును. ముడివజ్రము పలుమారు భూమిలో దొరకు ఆకృతి సరిగా అదియే. బిందువు, రేఖ, యవ, కాకపదము అని చెప్పిన దోషములు నేటి పరీక్షకుడు భూతద్దముతో చూచు చుక్కలును, పగుళ్లును, పొరలును. కాకిపాదమువంటి పగులుగల రాయి ధరించిన చావు వచ్చుననుట మాత్రము సుడులలెక్కలోనిది. రంగునుబట్టి రాళ్లకు నాలుగు వర్ణములను అంటగట్టుటయు అట్టిదే.

ఒక్క మాట మాత్రము ప్రమాదకరమైనది. అర్థశాస్త్రము మంచి వజ్రపు గుణములలో దెబ్బను ఓర్చుటను చేర్చినది. దానినుండియే కాబోలు, నిజమైన వజ్రము సుత్తిదెబ్బకు పగులదను నమ్మకము మన పల్లెలలో నిలిచినది. వజ్రము గీతకు లొంగదు, దెబ్బకు లొంగును. అది నాలుగు దిక్కులలో కట్టెవలె నిలువునా చీలు స్వభావము గలది. సుత్తితో పరీక్షించి, పగిలినది గనుక గాజు అని పారవేసిన రాళ్లలో ఎన్ని నిజమైన వజ్రములో చెప్పువారు లేరు.

ఇక నేటి పద్ధతి. తూకము, రంగు, స్వచ్ఛత, సాన అను నాలుగింటిని చూచి వజ్రపు వెల కట్టుదురు. అమెరికాలో 1931 లో స్థాపితమైన జి.ఐ.ఏ. అను సంస్థ వీనికి తరగతులు ఏర్పరచగా లోకమంతయు వానిని గ్రహించినది.

తూకమునకు కారటు అని పేరు. ఇక్కడనే మనవారు మొదట తికమక పడుచుందురు. బంగారపు కారటు మేలిమిని చెప్పును; ఇరువది నాలుగు పాళ్లలో ఎన్ని పాళ్లు బంగారమో తెలుపును. వజ్రపు కారటు బరువు మాత్రమే. అది 200 మిల్లీగ్రాములని 1907 లో నిర్ణయమైనది. అనగా గ్రామునకు అయిదు కారట్లు. కారటులో నూరవ భాగమును సెంటు అందురు. వజ్రపు వెల బరువుతోపాటు సమముగా పెరుగదు, ఎగిరి పెరుగును. టావర్నియరునాటి సూత్రము ప్రకారము ఒక కారటు రాయి నూరు వరహాలైనచో, అదే గుణముగల రెండు కారట్ల రాయి నాలుగు నూర్లు, మూడు కారట్లది తొమ్మిది నూర్లు. నేడు లెక్క అంత ఖచ్చితముగా నడువదు గాని దారి అదియే. పెద్ద రాయి అరుదు. కాబట్టి పదిసెంట్ల రాళ్లు పదునాలుగు కూర్చిన కమ్మలను "కారటు నలుబది సెంట్లు" అని చెప్పి, ఒంటి రాయికి తగిన ధరను లెక్కగట్టినచో అది మోసము. ఒక్కొక్క రాయి ఎన్ని సెంట్లని అడుగవలెను.

రంగునకు ఆంగ్లాక్షరములు గుర్తులు. "డి" అనగా నీటివలె ఏ రంగును లేనిది. అక్కడినుండి "జెడ్" వరకు పసుపో గోధుమచాయో క్రమముగా పెరుగును. "డి"కిని "ఎఫ్"కును గల భేదము మనబోంట్ల కంటికి అందదు. "జి", "హెచ్" తరగతి రాయి కట్టడములో తెల్లగానే కనబడును. పొగాకును రంగునుబట్టి తరగతులు చేసిన చేతులు మా చీరాలలో ఎన్నియో కలవు. ఆకును ఒంటిగా పట్టి చూచిన తరగతి తెలియదు, ప్రక్కన మరియొక ఆకు పెట్టవలెనని వారు చెప్పుదురు. రాయియు అంతే. పరీక్షాశాలలో మాదిరిరాళ్ల ప్రక్కన పెట్టియే తేల్చుదురు. మనము చేయదగినది ఒకటి కలదు. రాతిని దుకాణపు దీపములనుండి వాకిటి వెలుతురునకు, ఎండ తగులని చోటికి తెచ్చి, మడచిన తెల్లకాగితములో బోర్లించి ప్రక్కనుండి చూచుట. పైనుండి చూచినప్పుడు మెరుపు రంగును దాచును. వెనుక మూసి కట్టిన నగలో ఈ పరీక్ష సాగదు. రేకు ఏ రంగుదైన రాయి ఆ రంగున మెరయును. అందువలన వెనుక తెరచి కట్టిన నగనే కొనుడని నేను గట్టిగా చెప్పుదును. మూసిన కట్టడమే కావలెనన్నచో, కట్టక ముందు రాళ్లను చూడవలెను.

స్వచ్ఛతను పదింతలు పెద్దదిగా చూపు భూతద్దముతో చూచి నిర్ణయింతురు. ఏ మచ్చయు లేనిది మొదటి తరగతి, పిదప వి.వి.ఎస్., వి.ఎస్., ఎస్.ఐ., ఐ అని దిగుచుండును. వి.ఎస్. తరగతిలోని దోషము భూతద్దములోనే ప్రయత్నముమీద కనబడును, కంటికి కనబడదు. కంటికి కనబడనిదాని కొరకు ఎక్కువ సొమ్ము పోయుట ఎవరి యిష్టము వారిది. అయితే దోషమెంతటిదో అనుటకంటె ఎక్కడనున్నదో అనుట కొన్ని వేళల ముఖ్యము. రాతి అంచునకు తాకిన పగులు, నగ కట్టునప్పుడో, గట్టునకు తగిలినప్పుడో, పెచ్చుగా లేచిపోవచ్చును.

నాలుగవది సాన. నా యెరుకలో దీనినే మనవారు మిక్కిలి తక్కువగా అడుగుచుందురు, మెరుపంతయు దీనిలోనే కలదు. కోహినూరు కథ వినుడు. 1851 లో లండనులోని మహాప్రదర్శనమున దానిని పెట్టినప్పుడు చూడవచ్చిన జనులు ఇంతేనా యని పెదవి విరిచిరి. మన పాత సానవాండ్రు బరువు పోగొట్టుటకు ఒప్పుకొనెడివారు కారు. మరుసటి యేట దానిని తిరిగి సానపట్టించిరి. సుమారు 191 కారట్ల రాయి సుమారు 106 కారట్లకు తరిగినది. మెరుపునకు వారిచ్చిన మూల్యము అది. కృష్ణాతీరపు గనులలో దొరికి, చెన్నపట్టణపు గవర్నరు పిట్టు 1702 లో కొన్న రాయి ముడిలో 410 కారట్లు. సానపట్టగా 140 కారట్లయి నేడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది.

వజ్రములో పైనుండి చొచ్చిన వెలుగు అడుగు పలకలకు తగిలి తిరిగి పైకే రావలెను. అడుగు మరీ లోతైనను, మరీ పలుచనైనను, చిల్లికుండలోని నీరువలె వెలుగు క్రిందికో ప్రక్కకో జారిపోవును. రాతి నడుమ నల్లగానో వెలవెలబోవుచునో కనబడును. ఏ కొలతలో వెలుగు బాగుగా తిరిగి వచ్చునో 1919 లో టోల్కోవ్‌స్కీ అను నతడు లెక్కగట్టెను. గుండ్రని రాతికి నేడు 57 పలకలు తీర్చుదురు. అడుగు మొనను కూడ చదును చేసినచో 58. పలకలు ఎక్కువైనంత మాత్రమున మేలు కాదు. దోషములేని రాతిని మనవారు కొంచెము సానకు తాకించి విడిచెదరనియు, దోషమున్నచో దానిని కప్పుటకు రాయంతయు పలకలు చెక్కెదరనియు టావర్నియరు ఆనాడే కనిపెట్టెను.

ఇవి వజ్రపు తరతమములు. అసలు వజ్రమా కాదా యనుట మరియొక ప్రశ్న. ఊపిరి ఊది చూచుట, నీటిలో వేయుట, గాజుపై గీయుట అను పరీక్షలు మన యిండ్లలో వాడుకలో నున్నవి. నీటిలో ఏ రాయియు మునుగును. గాజును మన చేలలోని పలుగురాయియు గీయును. ఊపిరి ఆవిరి వజ్రముపై వేగముగా ఆరిపోవుట నిజమే. వజ్రము వేడిని మిక్కిలి చురుకుగా ప్రసరింపజేయును, దుకాణములలోని పరీక్షాయంత్రమును ఈ గుణమునే చూచును. కాని మాయిసనైటు అను కృత్రిమరత్నము ఆ పరీక్షలో వజ్రమువలెనే నెగ్గుటయు కలదు. దానిని భూతద్దముతో వాలుగా చూచినచో అడుగు అంచులు రెండేసిగా కనబడును. అమెరికను డైమండు అని మనవారు పిలుచు రాయి వజ్రముకంటె ఒకటిన్నర రెట్లకు పైగా బరువైనది, యంత్రమునకు వెంటనే దొరకును.

చిక్కంతయు వేరొకచోట నున్నది. 1954 లో అమెరికాలో యంత్రములో వజ్రమును చేసిరి. నేడు సూరతు పట్టణమున అట్టి రాళ్లు కొన్ని వారములలో పెరుగుచున్నవి. ఇవి నకిలీలు కావు. అదే కర్బనము, అదే కాఠిన్యము, అదే మెరుపు. ఊపిరియు, సామాన్యయంత్రమును, భూతద్దమును వానిని పట్టజాలవు, పరీక్షాశాలయే పట్టవలెను. వెల మాత్రము భూమిలో పుట్టినదాని వెలలో స్వల్పభాగము. యంత్రపు రాయి అని చెప్పి ఆ వెలకు అమ్మినచో తప్పులేదు, అలంకారమునకు అది చాలును. చెప్పక అమ్మినచో మా మేనత్త రేకుకంటె పెద్ద మోసము.

కాబట్టి కాగితము చూడవలెను. బంగారముపై హాల్‌మార్కు ముద్రయు, ఆరు అక్షరాంకెల గుర్తును ఉన్నవని మనవారు తృప్తిపడుచుందురు. ఆ ముద్ర బంగారపు మేలిమికే సాక్షి, రాతికి కాదు. రవ్వల నగలు తరచుగా పదునెనిమిది కారట్ల బంగారమున కట్టుదురు. 750 అను అంకె దానికి గుర్తు. రాతికి జి.ఐ.ఏ., ఐ.జి.ఐ. వంటి పరీక్షాశాలల పత్రము వేరుగా నుండును. పత్రపు సంఖ్యను పలుమారు రాతి నడికట్టు అంచుపై సన్నగా చెక్కియుందురు. భూతద్దమడిగి ఆ సంఖ్యను పత్రముతో సరిచూచి, చదువుకొన్న పిల్లలచేత ఆ శాల యంతర్జాలములోని లెక్కతోను సరిచూపించుడు. సన్నరాళ్లకు ఒక్కొక్కదానికి పత్రముండదు, నగకంతటికి ఒకటి యుండును. అందులో సహజమా యంత్రజన్యమా అను మాట ఉన్నదో లేదో ముందు చూడవలెను. పత్రము గుణము చెప్పునుగాని వెల చెప్పదు. వెలకు నాలుగు దుకాణములు తిరుగుటయే దారి.

చీటీలో బంగారపు బరువు, రాళ్ల సంఖ్య, వాని బరువు, రంగు, స్వచ్ఛత వేరువేరుగా వ్రాయించుడు. అదే దుకాణమున తిరిగి అమ్మినచో ఎంత కోత వేయుదురో నోటిమాటగా కాక వ్రాతగా అడుగుడు. బంగారమునకు నేటి ధర యని ఒకటి పత్రికలో పడును. వజ్రమునకు అట్టి ధర లేదు. కొన్నవెల తిరిగి వచ్చునను ఆశతో రవ్వలు కొనువారు, అమ్మబోయిన నాడు సగమైన చేతికి రాక ఖిన్నులగుట నేను చూచితిని. ఆపదకు దాచుకొను సొమ్మైనచో బంగారముగానే ఉంచుడు. పిల్ల చెవులకు అందము కావలెనన్న అది వేరు మాట.

మా మేనత్త రాళ్లను మేము అమ్మలేదు. వచ్చు వెల పెండ్లిపందిటి ఖర్చునకైన చాలదు. వజ్రములు కాని ఆ రెండింటిని తీసివేసి, మిగిలిన పండ్రెండింటిని ఆరేసి రాళ్లుగా, వెనుక తెరచి, తిరిగి కట్టించితిమి. ఆముదపు చాయ ఆముదపు చాయగానే కనబడుచున్నది. వానిని పెట్టుకొని ఆమె పెండ్లిలో ముందువరుసలో కూర్చుండెను. ఎవరైన కమ్మలను మెచ్చుకొన్నచో, చెవి ప్రక్కకు త్రిప్పి, వెనుక ఏమియు లేదని చూపుచుండెను.